తాబేలు మరిచిన దీవి

లిఫ్టు మెకానిక్ జేబులో మడతకత్తి లేని రోజు లేదు. ఇరవై రెండేళ్ళ కిందట చదువు అయిపోయాక, అతనూ స్నేహితుడూ వీపున సంచులు వేసుకుని పదకొండు రోజులు ఓ దీవి చుట్టూ కాలినడకన తిరిగారు. స్నేహితుడి సంచి మనిషికంటే పెద్దది కాబట్టి వాడికి తాబేలు అని పేరు పడింది. రొట్టె కోయాలన్నా, గుడారం తాడు తెంపాలన్నా ఆ ఒక్క కత్తే దిక్కు. రేవులో విడిపోతూ తాబేలు దాన్ని ఇతని చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉంచరా, వచ్చే ఏడాది మళ్ళీ వెళ్దాం" అన్నాడు. ఆ ఏడాది రానే లేదు. తర్వాత ఇతను ఎవరితోనూ అంత దూరం నడవలేదు.

మొన్న ఒక ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిందంటే వెళ్ళాడు. తలుపు తెరిస్తే లోపల చెమటలు కక్కుతూ తాబేలు. జుట్టు పలచబడింది గాని, ఎడమ కనుబొమ్మ ఎగరేసే తీరు అదే. మెకానిక్ జేబులోంచి కత్తి తీసి వైరు తొడుగు ఒలవసాగాడు.

తాబేలు ఆగి చూశాడు. "బాగుందే కత్తి. ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు. ఒక స్నేహితుడు ఇచ్చాడు, దీవిలో."

"నేనూ కుర్రతనంలో ఏదో దీవికి వెళ్ళాను. ఎవరితో వెళ్ళానో కూడా గుర్తు లేదు." ఇంతలో ఫోను మోగింది. "పైన మా ఏసీ కూడా ఒకసారి చూస్తావా?"

"అది నా పని కాదు సార్" అన్నాడు మెకానిక్.

తాబేలు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మూడో అంతస్తు దాకా బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది, పిలిస్తే ఆగేవాడే. మెకానిక్ కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ "సార్" తన నోట ఎలా వచ్చిందో అర్థంకాక, పరీక్ష పేరు చెప్పి ఖాళీ లిఫ్టులో రెండుసార్లు పైకీ కిందకీ తిరిగాడు.