ఒక్కరికే ఇచ్చే మాట

ఒక కంప్యూటర్‌ను మిగతా రెండింటితో కలిపే వైరు పీకేసి, సమద్ రెండు ఫోన్లను బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి కలిసి ఉన్న ఆ రెండింటితో, ఇంకొకటి విడిపోయినదానితో మాట్లాడుతుంది. మట్టెవాడలో బట్టల దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసులో అతనికిదే చివరి రోజు. భార్య అఫ్సానా టీచరు. ఆమెకు నిజామాబాద్ బదిలీ అయింది.

ఊళ్లోని బ్లడ్ బ్యాంకులను కలిపే యాప్‌కు ఏ డేటాబేస్ పెట్టాలో ఇవాళ తేలాలి. చివరికి మిగిలినవి రెండు. రెండూ నో-ఎస్‌క్యూఎల్ రకమే, ఒకే సమాచారాన్ని పలు కంప్యూటర్లలో దాచేవే. మొదటిది ఎవరడిగినా ఆగకుండా జవాబిస్తుంది, కాపీల మధ్య తేడాలుంటే తర్వాత సర్దుకుంటుంది. రెండోది సగానికి పైగా కాపీలు ఒప్పుకునేదాకా నోరు విప్పదు.

ఆఫీసు నడిపే భానుచందర్‌కు మొదటిదే నచ్చింది.

"ఆపతిల ఉన్నోనికి స్క్రీన్ తిరుగుతనే ఉంటె ఎట్ల, సమద్ భాయ్? ఫోన్ పారేస్తడు."

ఆ మాటలోనూ నిజముంది. సమద్ మొదటి డేటాబేస్ మీద రెండు ఫోన్లలోనూ ఒకే రక్తం ప్యాకెట్‌ను నొక్కాడు. రెండింటిలోనూ పచ్చగా వచ్చింది: 'ఇది మీకే.'

ఇలాంటి మాటే ఒకప్పుడు అతనికీ చెప్పారు. జిరాక్స్ దుకాణంలో టైపు చేస్తూ కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజుల్లో, తల్లి బడేబీ ఆపరేషన్‌కు రక్తం ఉందని బ్లడ్ బ్యాంకువాళ్లు ఫోన్‌లో చెబితే ఐసు డబ్బా పట్టుకుని ఉరికాడు. వెళ్లేసరికి ఎవరికో ఇచ్చేశారు. ఖాళీ డబ్బాతో తిరిగొస్తుంటే, ఆటో నడిపేవాడే సంగతి తెలుసుకుని దవాఖానలో తన రక్తం ఇచ్చాడు. అమ్మ బతికింది.

"లేదని చెప్తె ఇంకోదిక్కు ఉరుకుతడు, భానూ. ఉన్నదని పిలిచి లేదనుడు మంచిగుండది."

రెండో డేటాబేస్ మీద మళ్లీ నొక్కాడు. ఒక ఫోన్ పచ్చబడింది. రెండోది తిరిగి తిరిగి, ఇప్పుడు ఖాయం చేయలేమంది.

భానుచందర్ గడ్డం రుద్దుకున్నాడు. "గిదే పెడ్దాం. తిరిగేకాడ పక్క బ్యాంకు నంబర్ సూపిద్దాం. ఖాళీగ కూసోకుంట ఫోన్ చేసుకుంటరు."

"గది నాకు తట్టనే లేదు," అన్నాడు సమద్ సంబరంగా.

సాయంత్రానికి ఇద్దరూ కలిసి ఆ కోడు రాసేశారు. ఆ యాప్‌లో ఎక్కడా సమద్ పేరుండదు. అయినా ఇకమీద ఈ ఊళ్లో రక్తం ఉందన్న మాట ఒక్కరికే వెళ్తుంది. ఆ తలపుతో అతని ఛాతీ నిండిపోయింది.

"ఫోన్ చేస్తుండు భాయ్."

"చేస్త. ఫికర్ చెయ్యకు."

మెట్లు దిగి, బస్టాండు దాకా నడిచాకగానీ మర్చిపోయింది గుర్తురాలేదు. వెనక్కి తిరగబోయి, నవ్వుకుని బస్సెక్కాడు.

ఆఫీసు కుర్చీలో, నడుము నొప్పికని అఫ్సానా కుట్టిచ్చిన చిన్న దిండు, మధ్యలో అతని వీపు ఒత్తిన గుంటతో అలాగే ఉంది.