రచ్చయిత రాజం

ఆ పొద్దు రాజానికి కాళ్లు భూమ్మీద నిలుస్తలేవు. సిరిసిల్లల ఇరవై ఎనిమిదేండ్లసంది సాంచెలు, అదే పవర్‌లూమ్‌లు, నడుపుకుంట బతికే మనిషి, కరీంనగర్ల మైకు ముందట నిలబడి సొంతంగ రాసిన కథ చదువబోతుండాయె. మరి ఎగురకుంటె ఎట్ల?

సాహిత్య పండుగ జరిగే ఫంక్షన్‌హాలు గేటుకాడికి రాంగనే బిడ్డ అలేఖ్య పక్కున నవ్వింది. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘స్థానిక రచ్చయితలకు స్వాగతం’ అని ఉన్నది. ఫ్లెక్సీ కొట్టినోడు ఎవడో గని, రచయితలకు ఒక చ వత్తు కొసరు పెట్టిండు.

“మంచిగనే రాసిండు తియ్,” అన్నది రాజం భార్య అనసూర్య. “మీ బాపు నోరు తెరిస్తె రచ్చనే గద!”

ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. సాంచెల సప్పుడుల గొంతు చించుకుంటెగని మాట ఇనపడదు. గా అలవాటుకు రాజం ఇంట్ల ఉప్పడిగినా వాడకట్టంత ఇంటది. అందుకే అలేఖ్య వారంసంది తాలీం ఇచ్చింది. “బాపూ, సభల మెల్లగ చదువాలె. పెద్ద రచయితలు గట్లనే చదువుతరు.”

లోపలికి పోతుంటె అనసూర్య ఇంకో చురక పెట్టింది. “ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. ఇంట్ల ఒక్కనాడు సుత చదివి ఇనిపియ్యకపోతివి, ఊరందరికి ఇనిపిస్తవా?”

రాజం గతుక్కుమన్నడు. ఇంట్ల ఎట్ల చదువుతడు? కథ అనసూర్య మీదనేనాయె.

పెండ్లికి ముందు ఇద్దరు ఒక్క కార్ఖానలనే పని చేసిండ్రు. ఆయన సాంచెల మీద బట్ట నేస్తుండె, ఆమె దారం కండెలు చుడుతుండె. ఒకనాడు రాజం ధైర్నం చేసి, గా మోతలనే “నన్ను కట్టుకుంటవా?” అని ఒర్రిండు. ఆమె తలూపింది. తెల్లారే తన తల్లిని సంబంధం అడుగ తోలిండు. లగ్గమైంది. లగ్గమైన మూడోనాడు అనసూర్య నవ్వుకుంట అన్నది, “నువ్వు ‘కండె చుట్టుకుంటవా’ అన్నవనుకున్న. అందుకే తలూపిన.”

అంతే! గా మాట ఇరవై ఆరేండ్లసంది రాజం కడుపుల ముల్లై కూసున్నది. నన్ను ఇష్టపడి చేసుకున్నదా, పొరపాటున చేసుకున్నదా? అడుగుదామంటె నోరు రాదు. కార్ఖాన దద్దరిల్లేటట్టు ఒర్రే నోరు గీ ఒక్క మాటకాడ మూగబోతది. అడుగలేకనే కథ రాసిండు.

సభ మొదలైంది. భైంసా నుంచి వచ్చిన సక్కుబాయి పత్తి ఏరుడు మీద కథ చదివింది. నస్పూర్ బొగ్గుబాయిల రిటైరైన హనుమండ్లు కవిత అని లేచి పాటే పాడిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఆఖరికి మైకుకాడ సభ నడిపే రంజిత్ కాయితం చూసి పిలిచిండు.

“ఇప్పుడు రచ్చయిత రాజం గారు!”

పొద్దటిసంది ఫ్లెక్సీ చూసి చూసి రంజిత్ నోటికి గదే వచ్చింది. హాలంత గొల్లుమన్నది. రాజం సుత నవ్వుకుంట పోయి, బిడ్డ చెప్పినట్టే మెల్లగ మొదలువెట్టిండు. ముందటోళ్లు చెవులు రిక్కించిండ్రు. ఎనుకటోళ్లు సెల్‌ఫోన్లు తీసిండ్రు.

ఆఖరి వరుసల అనసూర్య లేచి నిలబడ్డది. “ఏందయ్యా, పెండ్లిచూపుల పిల్ల లెక్క ఆ గొణుగుడు? ఒక్క ముక్క ఇనపడ్తలేదు. సాంచెకాడి గొంతు తియ్యి!”

రాజం బిడ్డ దిక్కు చూసిండు. బిడ్డ తల పట్టుకున్నది. ఇగ ఎట్లయితె అట్లాయెనని మైకు పక్కకు జరిపి ఎత్తుకున్నడు సూడు, బయట చాయ తాగేటోళ్లు సుత గిలాసలు పట్టుకొని లోపలికి ఉరికొచ్చిండ్రు. సాంచె సప్పుడు నోటితోనే చేసిండు. కండె ముచ్చటకు జనం కడుపులు పట్టుకొని నవ్విండ్రు. నవ్వి నవ్వి హనుమండ్లుకు దగ్గు తెగలే.

ఆఖరి వాక్యం వచ్చింది.

“ఆమె నన్ను కట్టుకున్నదో, కండె చుట్టుకున్నదో, నాకు ఇప్పటికీ తెల్వదు.”

నవ్వులు ఆగినయ్. రాజం ఆఖరి వరుస దిక్కు చూడలేకపోయిండు.

“ఉత్త అబద్ధం!” అని కేకేసింది అనసూర్య. “గది మస్కిరికి, నవ్వులాటకు అన్న ముచ్చట! నువ్వు ఒర్రిన ఒర్రుడు పక్క కార్ఖానోళ్లు సుత ఇన్నరు, నాకు ఇనపడదా? సంబురంగనే తలూపిన. అడుగంగనే ఒప్పుకున్నదని లోకువ చేస్తవేమోనని గట్లన్న. ఇరవై ఆరేండ్లల ఒక్కసారి అడుగొద్దా, పిచ్చి మనిషీ!”

ఇగ చూస్కో, ఈలలు, చప్పట్లు! అలేఖ్య నవ్వుతుందో ఏడుస్తుందో ఆమెకే తెల్వలే. రంజిత్ “టైమైంది, టైమైంది” అంటుండు గని ఇనేటోడెవడు?

“అయితె నా కథ తప్పాయె,” అన్నడు రాజం. రంజిత్ జేబుల పెన్ను గుంజుకొని, అందరి ముందటనే ఆఖరి వాక్యం కొట్టేసిండు. కొట్టేసి, రొమ్ము నిండ గాలి పీల్చి, ఫంక్షన్‌హాలు ఎగిరిపోయేటట్టు ఒర్రిండు.

“అనసూర్యా! నన్ను కట్టుకుంటవా?”

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

“ఒర్రకు,” అన్నది. “ఇనపడ్డది.”