మెత్తటి వాయ

క్వెక్ ఆంటీ హోక్కియన్ నూడుల్స్ వాయల చొప్పున వండుతుంది. ఆ పెద్ద బాణలిలో ఒక్కో వాయకు ఎనిమిది ప్లేట్లు దిగుతాయి. మొదటి ప్లేటులో పసుపు నూడుల్స్ ఇంకా పంటికి తగులుతూ ఉంటాయి. చివరి ప్లేటుకు వచ్చేసరికి రొయ్య తలకాయల రసమంతా పీల్చుకుని, మెత్తబడి, అడుగున చిక్కగా కూర్చుంటాయి. మా తోఆ పాయో పేట ఫుడ్ కోర్టులో అందరికీ కావలసింది మొదటి ప్లేటే. మా నాన్న ఆంగ్ టెక్ హువాట్ కూడా బస్సు నడిపినన్నాళ్ళూ, ఆంటీ బాణలి కడిగి కొత్త వాయ మొదలెట్టే వేళ చూసుకుని మరీ లైన్లో నిలబడేవాడు.

ఆ రోజు నాకు మాత్రం చివరి ప్లేటు కావాలి.

నాన్నకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కాస్త కుదుటపడింది గానీ దవడ ఒకవైపు సరిగ్గా నమలదు. బాగా మెత్తగా ఉడికినవి పెట్టవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కత్తెరతో ముక్కలు చేసి పెడితే, "నేనేమన్నా పిల్లినా?" అని గిన్నె పక్కకు నెట్టేసేవాడు. మనిషి సగమైపోయాడు. చివరికి ఆ ఉదయం తనంతట తనే అన్నాడు.

"క్వెక్ దగ్గర తింటా. కానీ అందరికీ పెట్టేదే నాకూ పెట్టాలి. నా ప్లేటు వేరేగా కనపడిందో, లేచి వచ్చేస్తా."

అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు.

ఆయన్ని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి లైన్లో నిలబడ్డాను. చూసుకుంటే నా వంతుకు వచ్చేది రెండో ప్లేటు. వెనక బనియనుతో నిలబడ్డ అంకుల్‌తో, "మీరు ముందుకెళ్ళండి అంకుల్" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే లైన్లో చోటు ఎవరిస్తారు? ఇవాళ రొయ్యలు బాగాలేవా?"

"అయ్యో, అదేం లేదు!"

"అయితే నువ్వే వెళ్ళు. నేను మోసపోయే రకంలా కనిపిస్తున్నానా?"

ఆయన వెనకున్న ఆఫీసు అమ్మాయిని అడిగాను. "ఆయనే వద్దంటే నేనెందుకు వెళ్తానక్కా?" అంది. ఆ వెనకావిడ ఎవరో, "చివర్లో ఉన్నవాళ్ళకు ఏదో ఊరికే ఇస్తున్నారట" అంది. అంతే. నా ముందు నిలబడ్డాయన కూడా మెల్లిగా జారుకుని లైను చివరికి చేరాడు. చూస్తుండగానే కౌంటరు ఖాళీ!

ఆంటీ మూత తీసి ఆవిరిలోంచి తొంగి చూసింది. గరిటతో బాణలి అంచు ఠంగుమనిపించింది.

"ఏంటిది! వండిందంతా నేనే తినాలా? ఎవరు మొదలెట్టారు?"

అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి.

"టెక్ హువాట్ కూతురివి కదూ! యూనివర్సిటీలో నేర్పింది ఇదేనా, నా లైను పాడుచెయ్యడం?"

కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి ఉన్నమాట చెప్పేశాను. దవడ సంగతి, నాన్న పట్టిన పట్టు సంగతి. ఆంటీ అయ్యో పాపం అనలేదు. నాన్న వైపు చూడను కూడా చూడలేదు.

"చివరి ప్లేటయినా చాలదు. స్క్విడ్ ఉంది కదా, రబ్బరులా సాగుతుంది" అంది.

ఇంకా బాణలిలో వెయ్యని స్క్విడ్‌నూ రొయ్యల్నీ పీట మీద పరిచి, మొత్తం వాయకూ సన్నగా తరిగేసింది. నూడుల్స్‌లో ఇంకో రెండు గరిటెల రసం పోసి, మంట తగ్గించి, మూత పెట్టింది.

"అందరూ వినండి! ఈ వాయ ఆలస్యమవుతుంది. మెత్తగా కూడా ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళు పక్కన చికెన్ రైస్ తినండి."

"గట్టిగా ఉంటేనే నూడుల్స్ అంటావుగా?" అన్నాడు బనియను అంకుల్.

"ఇవాళ మెత్తగా ఉంటేనే నూడుల్స్. తింటావా, పోతావా?"

"తింటాలే తల్లీ!"

టమాటా సాస్ అడిగిన పాపానికి ఒకాయన్ని ఆకలితో వెనక్కి పంపిన మనిషి ఆమె. నూడుల్స్ ఒక్క నిమిషం ఎక్కువ ఉడికితే వాయంతా పారేసిన మనిషి. అలాంటిది, తన పేరు మీద అంత మెత్తటి వాయను అందరి ముందూ దించింది. నేను థాంక్స్ చెప్పబోతే, "తప్పుకో, వెనక జనం ఉన్నారు" అంది.

ప్లేట్లు తెచ్చి పెట్టాక నాన్న మొదట తన ప్లేటు చూసుకున్నాడు. తర్వాత నాది, ఆ తర్వాత పక్క టేబుల్ మీది బనియను అంకుల్‌ది. అదే చిక్కటి రసం, అదే తరుగు, అదే చెంచాడు సంబల్ కారం. ఎడం చేత్తో చిన్న నిమ్మకాయ పిండుకున్నాడు. మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు. మింగాడు. తర్వాత వంచిన తల ఎత్తలేదు.

ప్లేటు సగం దాటాక ఎత్తాడు. ఇంకా తడబడే నాలుకతోనే కౌంటరు దాకా వినబడేలా కేకేశాడు.

"క్వెక్! ఏంటీ మెత్తదనం? స్క్విడ్ కూడా పళ్ళు లేనివాడికి తరిగినట్టు తరిగావు! వయసు మీద పడిందా?"

బనియను అంకుల్ చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆమె వంటను అంత మాటన్నవాళ్ళెవరూ మళ్ళీ ఆ కౌంటరు దగ్గర తిన్నది లేదు.

ఆంటీ తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుంది. "అవును, ముసలిదాన్నైపోయా! రేపు కూడా ఇలాగే తగలడుతుంది. తిట్టాలనుంటే రేపొచ్చి తిట్టు!"

"రేపు కూడానా?" అని గొణిగాడు బనియను అంకుల్.

"వస్తా. నాకేం భయమా?" అంటూ నాన్న ప్లేటు వంచి, అడుగున మిగిలిన రసం చెంచాతో దగ్గరికి లాక్కున్నాడు.