కాలనీకి వచ్చిన గిర్ని

ఎల్‌బీ నగర్ దాటాక కొత్తగా వెలసిన కాలనీలో ఇల్లు కట్టుకున్న తొలి కుటుంబాల్లో శేషారత్నం వాళ్లదొకటి. ఏలూరు నుంచి వచ్చారు. కాలనీకి సరైన రోడ్డు లేదు, దరిదాపుల్లో పిండిమర లేదు. గోధుమలు ఆడించాలంటే డబ్బా చంకనెత్తుకుని బురదలో నడిచి, బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆండాలు నడిపే గిర్నికి రావాల్సిందే.

ఆండాలు, ఆమె భర్త అంజయ్య అక్కడి పాత రైతులే. పొలం ప్లాట్లయిపోయాక రోడ్డు పక్కన గిర్ని పెట్టుకున్నారు.

ఒక వానాకాలం పొద్దున శేషారత్నం తడిసిన చీరతో వచ్చేసరికి కరెంటు పోయింది. మధ్యాహ్నం దాకా చూసి, గోధుమలు అలాగే ఎత్తుకుని బయల్దేరింది. ఆండాలుకు మనసు చివుక్కుమంది. డబ్బా తనే అందుకుని బస్టాపు దాకా మోసింది. తమ కాలనీ ఆడవాళ్లందరిదీ ఇదే అవస్థ అనీ, రద్దీలో డబ్బా చూస్తే కండక్టరు విసుక్కుంటాడనీ దారిలో శేషారత్నం చెప్పింది.

ఆ సాయంత్రం ఆండాలు భర్తతో అంది: "మన బాయి కాడి ఆయిల్ ఇంజను ఊకెనే పడున్నది గదా. దాన్ని, మన చిన్న గిర్నిని ట్రాలీల ఎక్కిస్తే మనమే ఆల్ల కాడికి పోవచ్చు."

"గిర్ని ఏమన్న కూరగాయల బండా, గల్లీలల్ల తిప్పనీకి?"

"ఆల్లు డబ్బలు మోసుకుంట తిరుగుతుండ్రు. మనకు ట్రాక్టరున్నది. ఎవలు తిరిగితే సులువు?"

మర్నాడు పొద్దున్నే అంజయ్య ఇంజను విప్పి, కిరోసిన్‌తో కడగడం మొదలుపెట్టాడు. ట్రాలీలో మందపాటి దూలాలు వేసి, వాటి మీద ఇంజన్నీ గిర్నినీ బోల్టులతో బిగించాడు. పని సాగేకొద్దీ అతనికే హుషారు పుట్టి, భోజనానికి పిలిచినా కదల్లేదు.

ఆదివారం ట్రాక్టరు కాలనీలోకి దూరింది. డబడబమనే ఇంజను చప్పుడుకు సగం కట్టిన ఇళ్లలోంచి కూడా జనం బయటికొచ్చారు. ఏమిటో తెలిశాక ఆడవాళ్లు లోపలికి పరుగెత్తి డబ్బాలతో తిరిగొచ్చారు. అందరికంటే ముందు శేషారత్నమే గోధుమలు పోసింది. గిర్ని ఒక్క గింగిరం తిరిగిందో లేదో, బెల్టు ఊడి ఎగిరిపడింది. అంజయ్య బెల్టు బిగించి, ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టి, మళ్లీ హ్యాండిలు తిప్పాడు.

ఈసారి గిర్ని పాడుతున్నట్టు తిరిగింది. గొట్టంలోంచి వెచ్చటి పిండి జలజలా రాలింది. శేషారత్నం పిడికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మెత్తగా ఉందండీ," అంది.

చీకటి పడేవేళకు ఆండాలు, అంజయ్య ఇద్దరూ తలనుంచి పాదం దాకా తెల్లగా అయిపోయారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తిరిగి వెళ్తుంటే బడంగ్‌పేట్ దారి మలుపులో కొందరు ఆడవాళ్లు ట్రాక్టరును ఆపి, తమవైపు ఎప్పుడొస్తారని అడిగారు.

ఆండాలు నోరు తెరిచేలోపే అంజయ్య సీటు మీంచి వంగాడు.

"మీకు ఏ దినం వీలైతదో చెప్పుండ్రి. గా దినమే ఒస్తం."