పీరీని ఎత్తే హక్కు

హుసేన్‌బీ సంచి సర్దుకుంటోంది. భద్రమ్మ పక్కన కూర్చుని పీరీకి కట్టే పట్టు దట్టీలు మడతపెట్టి అందిస్తోంది. అడుగున రెండు చీరలు, వాటి మీద ఊదు పొట్లం, నడుమ మెత్తటి గుడ్డలో చుట్టిన పీరీ. అరచేయి ఆకారంలో ఉన్న ఆ ఇత్తడి పీరీ ఖిలా వరంగల్ దాటి ఎన్నడూ పోలేదు.

"జర మెల్లగ పెట్టక్కా, పీరీ ఏళ్లు వంగుతయి," అంది భద్రమ్మ.

"నీ మొగడు నిప్పులల్ల ఉరికితే వంగనియి సంచిల వంగుతయా?" అంది హుసేన్‌బీ.

పీరీల కొట్టాన్ని ఆనుకున్న వారపాకలో ఉంటూ పీరీని కాపాడేది హుసేన్‌బీ. పండుగనాడు ఎత్తి నిప్పుల గుండంలో నడిచేది భద్రమ్మ మొగుడు మొండయ్య. ముగ్గురు పిల్లలు పోయాక పుట్టిన యాకమ్మ బతికితే, ఒంట్లో పానం ఉన్నన్నాళ్లూ ఎత్తుతానని అతడు మొక్కాడు. యాకమ్మ బతికింది. ఒక్క ఏడు మొక్కు తప్పినా బిడ్డకేమవుతుందోనని భద్రమ్మకు బుగులు.

నిరుడు దసరా, మొహర్రం నాటి పీరీల పండుగ కలిసి వచ్చి, సందులో ఎవరి ఊరేగింపు ముందు పోవాలన్న దగ్గర రాళ్లు లేచాయి. ఈ ఏడూ రెండూ ఒకే వారంలో పడ్డాయి. అందుకని శాంతి కమిటీ వేశారు. హిందువుల తరఫున బియ్యం సేటు వెంకట్రాజం, ముస్లింల తరఫున దర్జీ ఖాజా మొహినుద్దీన్ కూర్చున్నారు. బోలెడన్ని చాయ్‌లు తాగి ఒప్పందం రాశారు: ఎవరి పండుగ మీద హక్కు వారిదే, ఒకరి దాంట్లో మరొకరు చెయ్యి పెట్టరాదు. న్యాయం తూకం వేసినట్టు సమానంగా జరిగింది.

మొండయ్య భయపడుతూ వెంకట్రాజాన్ని అడిగాడు. "సేటూ, పీరీ నేనే గద ఎత్తేది?"

"అది వాళ్ల హక్కు మొండయ్యా. గుంజుకోవద్దు. రేపు వాళ్లు మన బతుకమ్మను ఎత్తుతమంటే ఊకుంటవా?"

"ఎత్తనియ్యి సేటూ. నా నెత్తిమీద బరువు తగ్గుతది," అంది వెనక నుంచి భద్రమ్మ.

అక్కడి నుంచి ఆమె దర్జీ దగ్గరికి పోయింది. "ఖాజా భాయ్, హక్కు మీకే వచ్చిందట. ఎవలు ఎత్తుతాండ్రు?"

ఆయన మిషను ఆపాడు. "మా దాంట్ల ఎవ్వలూ ఎత్తరమ్మా. నిప్పులల్ల నడుసుడు తప్పని కొత్త మౌల్వీసాబ్ చెప్పిండు."

"మరెందుకు అడిగిన్రు?"

"వాళ్లు దసరా, బతుకమ్మ రాయించుకున్నరు. మా దిక్కు గూడ ఏదన్న రాయాలె గద."

"మీకు అక్కెర లేనిది మావోనికి ఇయ్యరాదు?"

"ఇస్తే హక్కు ఇడిసినట్టయితది. మావోళ్లు నన్ను బతకనిస్తరా?"

ఈ సంగతి విన్నాకే హుసేన్‌బీ సంచి దించింది. ఏటూరునాగారం అవతల అడవి పల్లెలో ఆమె చెల్లెలుంది. అక్కడా పీరీల పండుగ చేస్తారు.

"ఆడ కమిటీ లేదా?" అంది భద్రమ్మ.

"రోడ్డే లేదు. కమిటీ యాడికెల్లొస్తది? పండుగయినంక వస్త, ఫికర్ జేయకు."

మొండయ్య సంచి భుజాన వేసుకుని ఆమెతో బస్సెక్కాడు.

ఖిలాలో పండుగలు ప్రశాంతంగా గడిచాయి. గుండం తవ్వలేదు. కాపలా పోలీసులు అరుగుల మీద కునుకు తీశారు. కమిటీ పెద్దలు ఒకరికొకరు దండలు వేసుకున్నారు. ఇకముందు ఏ గొడవా రాకుండా పీరీల కొట్టానికి ఇరుపక్షాలూ చెరొక తాళం వేశాయి. కొట్టంతో పాటు హుసేన్‌బీ ఉండే వారపాక కూడా తాళం లోపలే పడింది. ముందు మీ తాళం తియ్యండంటే ముందు మీది తియ్యండన్నారు.

మొండయ్య బొబ్బలెక్కిన అరికాళ్లతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఏటా అడవి పల్లెకే పోయి పీరీ ఎత్తి వచ్చాడు. యాకమ్మ చల్లగా ఉంది.

హుసేన్‌బీ ఖిలా విడిచి పోయింది ఎనభై మూడు అక్టోబరులో. మళ్లీ రాలేదు.