ఐదు వందల ఆరు మైక్రాన్లు

సోమవారం పొద్దున్న పదింటికి, ఒక టైలరుకి కన్ను కొలుస్తుండగా నా గుండె జారిపోయింది.

నా పని కళ్ళు కొలవడం. నల్లగుడ్డు ముందు గాజులాంటి పొర ఉంటుంది, కార్నియా. అది ఎంత మందముందో చూసి కాగితం మీద అంకె రాస్తాను. వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. ఐదు వందలకు తక్కువుంటే మా ఆసుపత్రిలో కళ్ళజోడు తీయించే లేజర్ ఆపరేషన్ చెయ్యరు. ఉన్న పొర ఇంకా పల్చబడి, ముందుకు ఉబ్బి, చూపే చెడిపోతుందని భయం. కొలవడానికి రెండు యంత్రాలున్నాయి. ఒకటి కాంతితో కొలుస్తుంది, కన్ను ముట్టదు. రెండోది పెన్నులాంటిది, కంటికి ఆనించాలి. అందుకే ముందు కన్ను మొద్దుబారే చుక్కలు వెయ్యాలి.

ఆ పొద్దున్నే బాగుచేయించిన కాంతి యంత్రం టైలరుకి ఐదు వందల ముప్ఫై ఒకటి చూపించింది. చుక్కలు వేసి పెన్ను ఆనిస్తే ఐదు వందల నలభై. అదే కన్ను, మధ్యలో రెండే నిమిషాలు. ఆ చుక్కలకు కొందరి పొర కాసేపు మందమవుతుంది. ఈ సంగతి నాకు పన్నెండేళ్ళుగా తెలుసు. చుక్క వేశాక ఐదు నిమిషాలు ఆగి, మూడుసార్లు కొలవాలన్న పద్ధతి కొత్తవాళ్ళకు నేర్పేదే నేను.

శనివారం కాంతి యంత్రం మూలన పడింది. ఆ రోజే మా చెల్లి కళ్ళు కొలిచాను. దానికి రెప్పలు నిలవవు. బయట నర్సమ్మ ఒక చుక్క వేసింది, లోపల నేను రెండు వేశాను, వెంటనే పెన్ను ఆనించాను. ఎడమ కన్ను ఐదు వందల ఆరు. ఆ అంకె మీదే డాక్టరుగారు సరేనన్నారు. ఈరోజు పదకొండింటికే ఆపరేషన్.

చెల్లి అగ్నిమాపక దళం రాతపరీక్ష గట్టెక్కింది. కళ్ళజోడుంటే దేహపరీక్షలో తీసుకోరు. వచ్చే ఏడు రాద్దామంటే వయసు దాటిపోతుంది. దానికి ఈ ఉద్యోగమంటే ప్రాణం.

టైలరుని కూర్చోమని చెప్పి, మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరిగెత్తాను. డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు.

"మా చెల్లి ఎడమ కన్ను మళ్ళీ కొలవాలండి. శనివారం నేను తొందరపడ్డాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇప్పుడు కొలిస్తే మాత్రం ఏం తెలుస్తుంది? ఆపరేషన్ కోసమని ఇందాకే చుక్కలు వేసేశారుగా. గంట ఆగి, చుక్క లేకుండా కొలువు. ఈలోపు తర్వాతి మనిషిని పంపమను."

ఆ గంటసేపు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టైలరుని పంపించేశాను, బాగానే ఉన్న కుర్చీని జరిపాను, తుడిచిన యంత్రాన్నే మళ్ళీ తుడిచాను. గడియారం మీద కూడా కోపం వచ్చింది. చెల్లి తలకు ఆపరేషన్ టోపీతో బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

"ఎందుకక్కా అలా తిరుగుతావు? గచ్చు అరిగిపోతుంది. ఆపరేషన్ నాకా, నీకా?"

చుక్కలు వేస్తే అంకె పెరుగుతుందని, అందుకే మళ్ళీ కొలవాలని దానికి చెప్పాను.

గంటయ్యాక దాన్ని కాంతి యంత్రం ముందు కూర్చోబెట్టాను. నాలుగు వందల తొంభై ఒకటి. మళ్ళీ కొలిచాను. తొంభై. మళ్ళీ. తొంభై ఒకటి. చెల్లి తలతిప్పి తెర చూసింది.

"చుక్కలు వెయ్యి," అంది.

"ఏంటే?"

"వేస్తే పెరుగుతుందన్నావుగా. వేసి కొలువు. కన్ను నాది, ఏమైనా నేనే పడతాను."

సీసా నా కోటు జేబులోనే ఉంది. అబద్ధమెందుకు, చెయ్యి జేబులోకి పోయింది కూడా. పల్చటి పొరకి ఆపరేషన్ జరిగి, అది ముందుకు ఉబ్బి చూపు పోయిన వాళ్ళని ఈ గదిలోనే చూశాను. చెయ్యి ఖాళీగా బయటికి తీసి, కాగితం మీద పాత అంకె కొట్టేసి నాలుగు వందల తొంభై ఒకటి రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది.

చెల్లి ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"పన్నెండేళ్ళుగా ఇదే పని నీది. శనివారం ఆ ఐదు నిమిషాలు ఎందుకాగలేదు?"

నర్సమ్మ మీదకో, చెడిపోయిన యంత్రం మీదకో నెట్టెయ్యొచ్చు. నెట్టలేదు.

"మొదటిసారికే ఐదు వందల ఆరు వచ్చిందే. ఆగి కొలిస్తే తగ్గుతుందేమోనని అక్కడే ఆపేశాను."

"అంటే నీకు శనివారమే తెలుసు."

"తెలుసు."

"డాక్టరుగారికి చెప్పావా?"

"తొందరపడ్డానని చెప్పాను. ఇది చెప్పలేదు."

చెల్లి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళి చెప్పిరా. నేనిక్కడే కూర్చుంటాను."