ఇరవై ఆరు దెబ్బలు

బలిపీఠం గుడ్డను తొలిసారి జాడించిన నీళ్ళు కాలవలో పోయకూడదు. పూజలో ప్రభువు శరీరమని పంచే రొట్టె నలుసు వాటిలో ఉండవచ్చునట. ముంతహా ఆ నీళ్ళు మల్బరీ చెట్టు మొదట్లో పోసి, నడుం పట్టుకుని లేచింది. నలభై ఏళ్ళుగా ఇదే పని. సబ్బుకు పాలిపోయిన వేళ్ళు కొండచలికి పగిలి సలుపుతున్నాయి. నలుసుకు ఇంత మర్యాద ఉంది గానీ, ఆమె తమ్ముడికి మాత్రం చర్చి గోడ లోపల ఆరడుగుల నేల దొరకలేదు.

ఆ తమ్ముడు ఫద్దూల్ ఇరవై ఆరేళ్ళప్పుడు ఆపిల్ తోటకు కొట్టే మందు తాగి పోయాడు. ఆ ఊళ్ళో ఎవరు పోయినా, వయసు ఎంతో అన్ని దెబ్బలు చర్చి గంట కొడతారు. తోటల్లో ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకుని, పోయిందెవరో పోల్చుకుంటారు. తన ప్రాణం తనే తీసుకోవడం పాపమని ఊరి ఫాదర్ అబూనా బౌలోస్ వాడికి గంట కొట్టనివ్వలేదు. "బిషప్పుగారిని అడుగుతా, ఓపిక పట్టమ్మా" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రేపూ మాపూ అంటూనే ఉన్నాడు. పిచ్చిది, ఉతగ్గా ఉతగ్గా ఆయన మనసు కరుగుతుందనుకుంది.

మధ్యాహ్నం ఇస్త్రీ గుడ్డలు తీసుకుని ఆయన గదికి వెళ్ళింది. తొంభై ఏళ్ళ మనిషి, నెల రోజులుగా మంచం మీదే. చేత్తో గుడ్డ తడిమి చూశాడు.

"గంజి ఎక్కువైందమ్మా."

"మా ఫద్దూల్ సంగతి ఏం చేశారు అబూనా? గంట..."

"ఏ ఫద్దూల్?"

నిజంగానే అడిగాడు. ముంతహాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి మాట కోసమా కాచుకున్నది! గుడ్డలన్నీ అలమరలో సర్ది ఇటు తిరిగేసరికి ఆయనకు ఊపిరి లేదు.

గంట కొట్టే షల్లీతా తోటలో ఉన్నాడు. ముంతహా తనే వెళ్ళి తాడు అందుకుంది. కాయలు కోస్తున్న చేతులు ఆగాయి. అబూనాయే అయ్యుంటాడని అందరూ తొంభై దాకా లెక్కపెట్టడానికి సిద్ధపడ్డారు. ఇరవై ఆరు దగ్గర గంట ఆగిపోయింది.

బుట్టలు పారేసి తల్లులు పరుగెత్తుకొచ్చారు. ఇరవై ఆరేళ్ళ కొడుకున్న బదీఆ ముందుగా వచ్చి ఆమె భుజాలు పట్టి కుదిపేసింది.

"ఎవరి బిడ్డక్కా? చెప్పక్కా, ఎవరి బిడ్డ?"

"నీ కొడుక్కేం కాలేదు. మా ఫద్దూల్."

"వాడు పోయి ముప్పై ఏళ్ళు దాటింది గదక్కా!"

"గంట ఇవాళేగా మోగింది. లోపల అబూనా కూడా పోయాడు. ఆయన తొంభై మీరు కొట్టుకోండి."

ఆ మాట అని, ఊరి నుంచి కొండ దిగే దారి పట్టింది, వెనక్కి చూడలేదు. షల్లీతా వచ్చి తాడు పట్టుకునేసరికి, గంటగోపురం మేకుకు ఆమె ఏప్రాన్ వేలాడుతోంది, జేబులో బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి.